తేటగా ఉన్నవన్నీ మంచినీళ్లు కావు
ఢిల్లీ కామెర్లు (1955-56) నేర్పిన పాఠం



కామెర్లతో మా ఆసుపత్రికి వచ్చేవారిని మేము మొదట అడిగే ప్రశ్న, "ఏ నీళ్లు తాగుతున్నారు?" అని. చాలామంది "కుళాయి నీళ్లేనండీ, తేటగానే ఉంటాయి" అంటారు. కంటికి తేటగా కనబడినంత మాత్రాన అవి మంచినీళ్లు కావని మన దేశం ఒకసారి ఎన్నో ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది. అది మన రాజధానిలోనే జరిగింది. ఆ సంగతినే ఈసారి పాఠంగా మీ ముందుంచుతున్నాము. ముఖ్యంగా ఇంట్లో గర్భిణీ స్త్రీ ఉన్నవారు దీన్ని చివరి వరకు చదవాలని మా మనవి.

అప్పటి ఢిల్లీ

1941 జనాభా లెక్కల్లో ఢిల్లీలో సుమారు 9 లక్షల మంది ఉండేవారు. 1947లో దేశ విభజన జరిగి, లక్షలాది మంది కాందిశీకులు అక్కడికి చేరారు. 1951 నాటికి జనాభా 17 లక్షలు దాటింది. ఇంతమందికి తాగునీరు ఇవ్వాలి, ఇంతమంది మురుగునూ ఊరి బయటికి పంపాలి.

యమునా నది నుండి వజీరాబాద్ అనే చోట నీళ్లు తోడి, శుద్ధి చేసి నగరానికి పంపేవారు. అక్కడికి కాస్త దిగువన నజఫ్‌గఢ్ కాలువ మురుగును మోసుకువచ్చి నదిలో కలుస్తుంది. నది పల్లానికే పారుతుంది కనుక, దిగువన కలిసే మురుగు ఎగువన తోడే నీళ్లలోకి రాదన్నది లెక్క. మామూలు రోజుల్లో ఆ లెక్క సరిపోయేది.

లెక్క తప్పిన వారం

1955లో యమునకు పెద్ద వరద వచ్చింది. వరద తీశాక నది తన దారి మార్చుకుంది. నీళ్లు తోడే చోట ప్రవాహం తగ్గిపోయింది. నవంబరు నెలలో దాదాపు ఒక వారం పాటు కాలువలోని మురుగు వెనక్కి తన్ని, తాగునీరు తోడే చోటికే చేరింది.

నీటి కేంద్రం వారు దీన్ని గమనించకపోలేదు. పటిక, క్లోరిన్ ఎక్కువగా వేశారు. ఆ శ్రమ వృథా కూడా కాలేదు. మురుగు కలిసిన నీళ్ల వల్ల రావలసిన టైఫాయిడ్, రక్త విరేచనాలు ఊరిమీద పడలేదు. పైకి చూస్తే గండం గడిచినట్టే.

కానీ డిసెంబరులో వేలాది ఇళ్లలో మనుషుల కళ్లు పచ్చబడసాగాయి. 1956 జనవరి వరకు ఇది సాగింది. డాక్టర్ ఆర్. విశ్వనాథన్ బృందం చేసిన పరిశీలనలో సుమారు 29,300 మందికి కామెర్లు వచ్చినట్టు తేలింది. కళ్లు పచ్చబడకుండానే జబ్బు తగిలినవారు ఇంకా ఎక్కువే.

క్లోరిన్ ఎందుకు చాలలేదు?

టైఫాయిడ్ వంటి జబ్బులను కలిగించేవి బాక్టీరియా క్రిములు. అవి క్లోరిన్‌కు తొందరగా చస్తాయి. ఈ కామెర్లను తెచ్చింది వైరస్. అది క్లోరిన్‌ను వాటికన్న ఎక్కువగా తట్టుకుంటుంది. పైగా నీళ్లలో మురుగు ఎక్కువగా ఉంటే క్లోరిన్‌లో చాలా భాగం ఆ మురుగు మీదే ఖర్చయిపోతుంది. మురికి రేణువుల చాటున వైరస్ దాగి ఉంటుంది.

నీళ్లు చెడింది నవంబరులో అయితే కామెర్లు డిసెంబరులో ఎందుకు వచ్చాయని మీరు అడగవచ్చు. ఈ వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి 2 నుండి 10 వారాలు పడుతుంది. కాబట్టి కళ్లు పచ్చబడిన రోజున కుళాయి నీళ్లు బాగున్నా ఆశ్చర్యం లేదు. చెరుపు చేసింది ఎప్పుడో తాగిన నీళ్లు.

తల్లుల మీద పడిన దెబ్బ

ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గిపోయింది. గర్భిణుల విషయం వేరు. వారిలో మరణాలు మిగతావారికన్న ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే కుళాయి నీళ్లు తాగిన ఒకే ఇంట్లో భర్త కోలుకుని, కడుపుతో ఉన్న భార్య ప్రాణం మీదికి రావడం ఈ జబ్బు స్వభావం. నెలలు నిండుతున్నకొద్దీ అపాయం పెరుగుతుంది. చివరి మూడు నెలల్లో ఈ జబ్బు వస్తే నూటికి 20 నుండి 25 మంది వరకు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డకూ ప్రమాదమే.

ఆ వైరస్ ఏదో చాలాకాలం తెలియలేదు. అప్పట్లో తీసి భద్రపరచిన రక్త నమూనాలను 1980లో పరీక్షించినప్పుడు, అది హెపటైటిస్-ఎ కాదు, బి కాదు అని తేలింది. 1983లో బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త రోగుల మలం నుండి తీసిన ద్రవాన్ని తానే మింగి, జబ్బు తెచ్చుకుని, ఆ వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూపించాడు. నేడు దాన్ని హెపటైటిస్-ఇ అంటున్నాము.

ఇది పాత కథ కాదు

2005లో హైదరాబాద్‌లో ఇదే జబ్బు వ్యాపించింది. మంచినీటి గొట్టాలు మురుగు కాలువల్లోంచి దాటే పేటల్లోనే ఎక్కువమంది జబ్బుపడ్డారు. నీళ్లు వదలని వేళల్లో గొట్టంలో ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా పగులు ఉంటే బయటి మురుగు లోపలికి ఊరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే ఆ మురుగు ఇంకా జోరుగా వస్తుంది. ఢిల్లీలో నది చేసిన పనిని మన వీధిలో ఒక పగిలిన గొట్టం చేయగలదు.

మనం చేయవలసినవి

1. తాగే నీళ్లు కళపెళ మరగాలి. మరుగు వచ్చాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీద ఉంచండి. వేడి చేసి దించితే చాలదు. వడకట్టడం మరిగించడానికి బదులు కాదు.

2. మరిగించిన నీళ్లను మూత ఉన్న పాత్రలో పోసి, కాడ ఉన్న గరిటెతో ముంచుకోండి. చెయ్యి ముంచవద్దు.

3. ఇంట్లో అందరికీ మరిగించే వీలు లేకపోతే ముందు గర్భిణికి మరిగించండి. ఆమె పెళ్లిళ్లకు, సంఘ విందులకు వెళ్లేటప్పుడు ఇంటి నీళ్లే సీసాలో పట్టుకెళ్లాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

4. కుళాయి నీళ్లు వాసన వచ్చినా, రంగు మారినా వాడడం ఆపి మునిసిపాలిటీ వారికి వెంటనే తెలియజేయండి. వీధివారంతా కలిసి వెళితే పని త్వరగా అవుతుంది.

5. మలవిసర్జన తరువాత, వంటకు ముందు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

6. గర్భిణికి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించక వాంతులు అవుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. మత్తుగా పడి ఉండడం, మాట తడబడడం, ఎక్కడైనా రక్తం కారడం కనబడితే ఒక్క గంట కూడా ఆగవద్దు.

7. పసరు పోయించడం, వాతలు పెట్టించడం అంటూ రోజులు గడపవద్దు. మామూలు మనిషికి ఈ కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. గర్భిణి విషయంలో ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది. డాక్టరు చెప్పకుండా జ్వరం మాత్రలు కూడా వేయవద్దు.

8. హెపటైటిస్-బి టీకా వేయించుకున్నాం కదా అని ధీమా వద్దు. అది ఈ వైరస్‌ను ఆపదు.

ఇంట్లో కలిసి చర్చించండి

మన ఇంటికి వచ్చే నీటి గొట్టం ఏ మురుగు కాలువను దాటి వస్తోంది? మన వీధిలో కడుపుతో ఉన్నవారు ఎవరు? వారు తాగే నీళ్లను ఎవరు మరిగిస్తున్నారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన ఇల్లు ఈ పాఠం నేర్చుకున్నట్టే.