శిలలు చెప్పే నీటి లెక్క

మెట్టప్రాంతాలలో పుట్టి విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు స్వగ్రామం నుండి తరచుగా వచ్చే వార్త ఒకటుంది. బోరు ఎండిపోయింది, మరో రెండు వందల అడుగులు దింపాలి, కొంత సొమ్ము పంపితే బాగుంటుంది అన్నది ఆ వార్త. సొమ్ము పంపుతాము. ఒక్కొక్కప్పుడు నీరు పడుతుంది, ఒక్కొక్కప్పుడు రాతిపొడి తప్ప మరేమీ రాదు. ఎంత లోతుకు పోతే అంత నీరు అన్న నమ్మకం మనలో బలంగా నాటుకొని ఉంది. భూగర్భశాస్త్రం ఈ నమ్మకాన్ని సమర్థించదు. నీటిని నిర్ణయించేది లోతు కాదు, ఆ లోతులో ఉన్న శిల. ఆ శిల ఏది, ఏ కాలానిది, ఎంత మేర విస్తరించింది, దానిలోకి వాననీరు ఎక్కడ దిగుతున్నది అన్న విషయాలను కాగితంపైకి ఎక్కించే శాస్త్రాన్ని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు అమెరికాలోని రెండు ప్రసిద్ధ ఉదాహరణలను, మన తెలుగు నేలను పక్కపక్కన ఉంచి పరిశీలిద్దాం.

జలస్తరం అంటే ఏమిటి?

భూమి లోపల నీరు నదులుగా, చెరువులుగా ఉంటుందని చాలామంది ఊహిస్తారు. సున్నపురాతి గుహలలో తప్ప ఇది నిజం కాదు. భూగర్భజలం రాతిలోని సన్నని రంధ్రాలలో, పగుళ్ళలో ఇమిడి ఉంటుంది. నీటిని తనలో నిలుపుకొని, బావికి చాలినంతగా విడుదల చేయగల శిలాస్తరాన్ని శాస్త్రజ్ఞులు ఆక్విఫర్ అంటారు. మనం దానిని జలస్తరం అందాం.

జలస్తరానికి రెండు గుణాలు కావాలి. మొదటిది సచ్ఛిద్రత, అంటే రాతిలో ఖాళీ చోటు ఉండడం. రెండవది పారగమ్యత, అంటే ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారి ఇవ్వడం. బంకమట్టిలో ఖాళీ చోటు ఎక్కువే, కాని అవి అతి సూక్ష్మమైనవి కావడం వలన నీటిని పట్టి ఉంచుతుందే కాని వదలదు. ఇసుకలో రెండు గుణాలూ ఉన్నాయి. పగుళ్ళు లేని గ్రానైటులో రెండూ లేవనే చెప్పాలి. ఇసుక పొర గుండా నీరు ఎంత వేగంగా ప్రవహిస్తుందో లెక్క కట్టే సూత్రాన్ని హెన్రీ డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1856లో ప్రకటించాడు. నేటికీ భూగర్భజల గణితానికి అదే పునాది.

పొరలను చదివే విద్య

నీటి జాడను నేల గుర్తులనుబట్టి తెలుసుకోవాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళమనే అధ్యాయాన్ని ఇందుకే కేటాయించి, చెట్లు, పుట్టలు, మట్టి రంగు, రాతి స్వభావాన్నిబట్టి నీటిని ఊహించే పద్ధతులను వివరించాడు. రాతిపొరల క్రమాన్ని కాలక్రమంగా చదివే శాస్త్రం మాత్రం తరువాతి కాలంలో ఐరోపాలో రూపుదిద్దుకుంది. పొరలు తలకిందులు కాకుండా ఉన్నచోట కింది పొర ముందు ఏర్పడినది, పై పొర తరువాత ఏర్పడినది అనే సూత్రాన్ని నికొలాస్ స్టెనో 1669లో చెప్పాడు. కాలువల తవ్వకాలలో సర్వేయరుగా పనిచేసిన విలియం స్మిత్, ఒక్కొక్క పొరలో ఒక్కొక్క విధమైన శిలాజాలు ఉంటాయని గమనించి, వాటి సాయంతో పొరలను దూరదూరాల వరకు గుర్తించి, 1815లో ఇంగ్లాండు, వేల్సు ప్రాంతాల భూగర్భ పటాన్ని ప్రచురించాడు.

తిరుపతి నుండి తిరుమలకు కనుమదారిలో వెళ్ళిన వారందరూ ఈ విద్యకు సంబంధించిన ఒక గొప్ప ఉదాహరణను దాటి వెళ్ళినవారే. అక్కడ కొండ అడుగుభాగం అతి ప్రాచీనమైన గ్రానైటు. దానిపై పొరలు పొరలుగా కనిపించేది నగరి క్వార్ట్‌జైటు, అంటే ఒకనాడు నీటి అడుగున పేరుకొని గట్టిపడిన ఇసుక. ఈ రెండింటి మధ్య ఉన్న గీత వద్ద కోట్లాది సంవత్సరాల చరిత్ర లోపించింది. గ్రానైటు పుట్టి, పైకి తేలి, వానకు గాలికి అరిగిపోయిన తరువాత గాని దానిపై ఇసుక చేరలేదు. అరిగిపోయిన కాలానికి పొర లేదు, ఆ గీత ఒక్కటే సాక్ష్యం. ఇటువంటి కాలవిచ్ఛేదాన్ని స్పష్టంగా చూపే ఈ చోటును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది.

జలస్తరాల పటం తయారుచేసేవారు మొదట రాయి నేలపైకి తేలిన చోట్లను గుర్తించి, పొర ఏ దిక్కుకు ఎంత వాలుగా దిగుతున్నదో కొలుస్తారు. బావులు తవ్వినప్పుడు వచ్చిన రాతిపొడిని పరీక్షించి, ఏ లోతున ఏ రాయి తగిలిందో రాసుకుంటారు. నేలలోకి విద్యుత్తును పంపి రాతి నిరోధకతను కొలుస్తారు. గట్టి రాయి విద్యుత్తును అడ్డగిస్తుంది, తడిసిన మెత్తని రాయి పోనిస్తుంది. ఈ వివరాలన్నీ కలిపి భూమిని నిలువునా కోసినట్లు చిత్రం గీసి, బావులలోని నీటిమట్టాలను దానిపై గుర్తిస్తారు. అప్పుడు నీరు ఎక్కడ ఉన్నది, ఎటు పోతున్నది, ఎంత నిలువ ఉన్నది తెలుస్తుంది.

ఇసుక పొరలు: ఓగలాల

అమెరికా మధ్యభాగంలో దక్షిణ డకోటా నుండి టెక్సస్ వరకు ఎనిమిది రాష్ట్రాల కింద, సుమారు 1,74,000 చదరపు మైళ్ళ విస్తీర్ణంలో హై ప్లెయిన్స్ జలస్తరం ఉంది. దానిలో ప్రధానమైనది ఓగలాల పొర. నెబ్రాస్కాలోని ఒక ఊరిపేరు మీదుగా 1890వ దశకం చివరలో దానికి ఆ పేరు పెట్టినవాడు నెల్సన్ హొరేషియో డార్టన్. సుమారు రెండు కోట్ల సంవత్సరాల నుండి 50 లక్షల సంవత్సరాల కిందటి వరకు రాకీ పర్వతాల నుండి వచ్చిన నదులు మోసుకువచ్చి పరచిన ఇసుక, గులకరాళ్ళే ఈ పొర.

పర్వతాల నుండి భూగర్భంలో తరగని ప్రవాహం వస్తున్నదని అక్కడి రైతులలో ఒకప్పుడు నమ్మకం ఉండేది. పటం ఆ నమ్మకాన్ని చెరిపివేసింది. టెక్సస్, న్యూమెక్సికో ప్రాంతంలో పేకోస్ నది తన లోయను కోసుకొనిపోవడంతో ఆ మైదానానికీ పర్వతాలకూ సంబంధం తెగిపోయింది. ఇక అక్కడ చేరేది ఆ మైదానంపై కురిసే కొద్దిపాటి వాననీరు మాత్రమే. విస్తృతంగా పంపులు రాకముందు కాలంతో పోల్చితే 2015 నాటికి ఈ జలస్తరంలో నీటిమట్టం సగటున దాదాపు 16 అడుగులు పడిపోయింది. అయితే సగటు ఇక్కడ మోసగిస్తుంది. ఇసుక దిబ్బల ద్వారా వాన సులభంగా ఇంకే నెబ్రాస్కాలో మట్టం చాలాచోట్ల నిలకడగా ఉంటే, దక్షిణాన కొన్ని బావులలో 200 అడుగులకు పైగా దిగిపోయింది. ఒకే పేరుగల జలస్తరంలో ఒకచోట ఏటా జమ పడే ఖాతా, మరొకచోట తాతలనాటి నిలువను తినివేసే ఖాతా ఉన్నాయన్నమాట.

సున్నపురాయి: ఎడ్వర్డ్స్

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పరిసరాలకు నీరిచ్చే ఎడ్వర్డ్స్ జలస్తరం దీనికి భిన్నమైనది. సుమారు పది కోట్ల సంవత్సరాల కిందట లోతు తక్కువ సముద్రంలో ఏర్పడిన సున్నపురాయి అది. తరువాతి కాలంలో భూమి పగిలి ఒకవైపు కుంగడంతో బాల్కొనెస్ అనే భ్రంశమండలం ఏర్పడింది. పగుళ్ళ గుండా దిగిన వాననీరు సున్నాన్ని కరిగించి లోపల దారులు చేసుకుంది. రాబర్ట్ హిల్, వేలాండ్ వాన్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు శిలలను, భూగర్భజలాలను కలిపి పరిశీలించి 1898లోనే నివేదిక వెలువరించారు.

పటంలో ఈ జలస్తరం మూడు పట్టీలుగా కనిపిస్తుంది. ఉత్తరాన వాగులు నీటిని పోగుచేసే కొండ ప్రాంతం, దాని దిగువ సున్నపురాయి నేలపైకి తేలి ఆ వాగుల నీటిని మింగే సన్నని పట్టీ, ఇంకా దక్షిణాన బంకమట్టి పొర కింద ఒత్తిడితో నీరు నిలిచే ప్రాంతం. ఈ మూడవ ప్రాంతంలో రాయి తగిలితే నీరు తనంత తానుగా పైకి లేస్తుంది. మధ్యపట్టీపై ఒలికిన కాలుష్యం వడకట్టబడకుండా నేరుగా లోపలికి పోతుంది. రంగునీటితో చేసిన పరీక్షలలో కొన్నిచోట్ల నీరు రోజుకు వేల అడుగుల దూరం ప్రయాణించినట్లు తేలింది. అందుచేతనే ఆ పట్టీపై కట్టడాలకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి.

ఈ జలస్తరం వానకు త్వరగా నిండుతుంది, కరువుకు త్వరగా తగ్గుతుంది. 1950వ దశకపు కరువులో, 1956లో, టెక్సస్‌లోకెల్లా పెద్దవైన కోమల్ ఊటలు నాలుగు నెలలకు పైగా ఆగిపోయాయి. ఊటలను ఆశ్రయించిన అరుదైన జీవుల రక్షణ కొరకు 1991లో న్యాయస్థానంలో దావా పడింది. దాని ఫలితంగా 1993లో రాష్ట్ర శాసనసభ ఎడ్వర్డ్స్ జలస్తర అధికార సంస్థను ఏర్పరచింది. నేడు ఒక పరిశీలక బావిలో మట్టం నిర్ణీత స్థాయికి దిగగానే అందరి వాడకంపైనా కోత మొదలవుతుంది.

గ్రానైటు: మన తెలుగు నేల

ఇప్పుడు మన నేలను చూద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒండ్రుమట్టి, ఇసుక పొరలు ఉన్నాయి. గోదావరి లోయలో సింగరేణి బొగ్గుతోపాటు ఇసుకరాతి పొరలు ఉన్నాయి. కడప, కర్నూలు ప్రాంతాలలో ప్రాచీన అవక్షేప శిలలు ఉన్నాయి. విలియం కింగ్ 1872లో వాటిపై విపులమైన గ్రంథం వెలువరించాడు. బెలుం గుహలు అక్కడి సున్నపురాతిని నీరు కరిగించగా ఏర్పడినవే. కాని తెలంగాణలో అధికభాగం, అనంతపురం, చిత్తూరు ప్రాంతాలు నిలిచి ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాలు, అంతకు మించిన వయస్సుగల గ్రానైటు, నైసు శిలలపైన.

ఈ రాతినేలలో మూడు అంతస్తులు ఉన్నాయి. పైన రాయి శిథిలమై ఏర్పడిన మొరం, అది నీటిని దాచుకునే కుండ. దాని కింద పగుళ్ళు పారిన రాయి, అది నీటిని బావికి చేర్చే గొట్టం. అడుగున పగుళ్ళు అరుదైన బండ. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి సమీపంలోని మహేశ్వరంలో చేసిన అధ్యయనాలలో, నీటినిచ్చే పగుళ్ళు చాలావరకు పైనున్న కొన్ని పదుల మీటర్లలోనే ఉన్నట్లు తేలింది. అంతకు దిగువన అక్కడక్కడా పగులు తగలవచ్చు, నీరు ఎగజిమ్మవచ్చు. కాని ఆ పగులుకు నీరు అందించవలసినది పైనున్న మొరమే. కుండ ఖాళీ అయిన తరువాత గొట్టాన్ని పొడిగించినందువల్ల ప్రయోజనం స్వల్పం. పైగా లోతైన కొత్త బోరు అనేక సందర్భాలలో పొరుగువాని బోరులోని నీటినే లాగుతుంది.

గ్రానైటును చీల్చుకొని నిలువుగోడల వలె లేచిన నల్లని డోలరైటు డైకులు మరొక విశేషం. పగుళ్ళు లేనిచోట అవి భూగర్భంలో ఆనకట్టవలె నీటిని ఆపుతాయి. అందుచేత గోడకు ఒకవైపు నీరు, మరొకవైపు ఎండిన బోరు ఉండవచ్చు. రెండు పొలాల మధ్య ఇంత భేదం ఎందుకో పటం చెప్పగలదు.

రాయి నీటి పరిమాణాన్నే కాక గుణాన్ని కూడా నిర్ణయిస్తుంది. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలోకి కరుగుతుంది. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రజ్ఞులు తొలిసారిగా 1937లో వివరించినది నాటి నెల్లూరు జిల్లా నుండే. నల్గొండ పల్లెల బాధ మనందరికీ తెలిసినదే.

హద్దురాయికి లొంగని నీరు

పొలానికి హద్దురాయి ఉంది. దాని కింద నీటికి హద్దు లేదు. అయినా చట్టం చాలాకాలం నేలగలవానిదే నీరు అన్నది. టెక్సస్‌లో 1904 నాటి న్యాయస్థాన తీర్పు, మనదేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఇదే దారిలో నడిచాయి. 2002లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం బావులను నియంత్రించడానికి ప్రయత్నించింది. 2012లో కేంద్ర భూగర్భజల మండలి దేశవ్యాప్తంగా జలస్తరాల పటరచనను చేపట్టింది.

అయితే పటం కార్యాలయంలో ఉంటే సరిపోదు, రైతు చేతిలోకి రావాలి. 2003లో మొదలైన రైతుల భూగర్భజల నిర్వహణ పథకంలో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెలలో రైతులే వానను, బావి మట్టాన్ని కొలిచి, రబీ పంటకు ముందు ఊరి నీటి జమాఖర్చులు వేసుకున్నారు. ఎంత నీరుందో కళ్ళారా చూసిన తరువాత వరికి బదులు ఆరుతడి పంట వేయాలా అన్న చర్చ వారిలో వారికే సాధ్యమైంది.

మనం ఇంటికి సొమ్ము పంపేటప్పుడు మూడు విషయాలు అడగడం మంచిది. అర్హుడైన భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ చోటును విద్యుత్ పరీక్షతో చూశాడా? చుట్టుపక్కల బోర్లు ఎంత లోతున, ఏ రాతిలో, ఏ నెలలో ఎండిపోయాయి? కొత్త బోరు తవ్వేటప్పుడు పది అడుగులకొకసారి వచ్చిన రాతిపొడిని పొట్లాలు కట్టి, లోతు రాసి దాచారా? ఆ పొట్లాలే ఊరికి అతి చవకైన భూగర్భ పటం. ఎండిపోయిన బోరు కూడా ఈ విధంగా తరువాతివారికి దారి చూపుతుంది. ఆపైన మరో రెండు వందల అడుగులకు పెట్టే ఖర్చులో కొంత ఇంకుడుగుంటకో, ఊరి చెరువు పూడికతీతకో మళ్ళించితే, ఖాళీ అయిన మొరం మళ్ళీ నిండే అవకాశం ఉంటుంది. అడుగున ఉన్న బండ 250 కోట్ల సంవత్సరాలనాటిది, దానిని మనం మార్చలేము. దానిపైనున్న పలుచని పొరలో నీటిని నిలుపుకోవడం మాత్రం ఊరివారి చేతిలోను, వారికి తోడ్పడే మన చేతిలోను ఉంది.