తూకం దగ్గర పొదుపు వద్దు



పాయింట్ 38 స్పెషల్ రివాల్వర్ కొన్నావని, శనివారం రేంజ్‌కి వెళ్లొస్తే జేబు ఖాళీ అవుతోందని రాశావు. తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకోవాలంటే ఎంత తక్కువలో మొదలుపెట్టొచ్చని అడిగావు. నేర్చుకోడానికి ఇది మంచి తూటా. దాని ఇత్తడి కేసు గోడలు నిటారుగా ఉంటాయి, పీడనం తక్కువ, ఒక్కో కేసు చాలాసార్లు పనికొస్తుంది. పైగా రివాల్వర్ కేసుల్ని నేలంతా చిమ్మదు, అన్నీ నీ చేతికే వస్తాయి.

ప్రెస్ దగ్గర ఎంతైనా పొదుపు చెయ్యి. మీట ఒకసారి లాగితే ఒకే పని చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్ చాలు. విస్కాన్సిన్‌లో లీ కంపెనీ చేసేవి చవక. వాడినది దొరికినా తీసుకో. ప్రెస్‌లో బిగించే డైలు మాత్రం కార్బైడ్‌వి కొను, కేసులకు నూనె రాసి తుడిచే పని తప్పుతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్ ఇప్పుడే వద్దు. అందులో నాలుగైదు పనులు ఒక్కసారే జరుగుతాయి, కొత్తవాడి కన్ను అన్నిటి మీదా నిలవదు.

తూకం, పుస్తకం మాత్రం మంచివి కొను. పౌండు పౌడర్ అంటే 7,000 గ్రెయిన్లు. నీ తూటాకు పట్టేవి వాటిలో కొన్నే. అంత చిన్న కొలతలో కొద్ది తేడా వచ్చినా ప్రమాదమే. తూకాన్ని సరిచూసుకునే చెక్ వెయిట్లు కూడా కొను. లైమన్ వాళ్ల పుస్తకం కొత్త ముద్రణ తెచ్చుకుని, అందులో ఉన్న పౌడర్, బుల్లెట్ జతనే వాడు. కనిష్ఠ మోతాదు నుంచే మొదలుపెట్టు. నోటిమాటగా విన్న అంకె వాడొద్దు, అది నేను చెప్పినా సరే.

ఈ తూటా 1898 నాటిది. బ్లాక్ పౌడర్ కోసం చేసిన కేసు కాబట్టి లోపల చోటు ఎక్కువ. ఇప్పటి పౌడర్ అడుగున కొంచెమే ఉంటుంది, పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు. అందుకే బుల్లెట్ పెట్టేముందు టార్చ్ వేసి ప్రతి కేసులోకీ తొంగిచూడు.

ఒక రాత్రి నేను పౌడర్ పోస్తుంటే మీ అమ్మమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చి, ఎక్కడ ఆపానో గుర్తుందనుకుని మిగతావి పూర్తిచేశాను. ఆ వారం రేంజ్‌లో ఒక తూటా టప్పుమని నీరసంగా మోగింది. పక్కనున్నాయన "ఆపు!" అని అరిచాడు. అది పౌడర్ పడని కేసు. ప్రైమర్ బలానికి బుల్లెట్ బారెల్ మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంది. వెనకే ఇంకొకటి కాల్చి ఉంటే బారెల్ పగిలేది. అప్పటినుంచి ఫోన్ వేరే గదిలో పెడుతున్నాను. ధ్యాస చెదిరితే కేసులన్నీ ఒంపేసి మళ్లీ మొదలుపెడతాను.

పని చేసేటప్పుడు కళ్లద్దాలు తియ్యకు. సీసం, ప్రైమర్ మసి ఒంట్లోకి పోకూడదు కాబట్టి వంటగదిలో ఈ పని వద్దు. పని ముగించి లేవగానే చేతులు కడుక్కో.

చట్టం మాటకొస్తే, నీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సరే. నీ గదిలో ఉండే అబ్బాయి హెచ్1 వీసా మీద ఉన్నాడు. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అతను ఒక్క తూటా కూడా దగ్గర పెట్టుకోకూడదు. తూటాల పెట్టెకు తాళం వేసి తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. లైసెన్సు లేకుండా తూటాలు చేసి అమ్మడం నేరం, ఎవరడిగినా ఒప్పుకోకు.

సంక్రాంతికి ఇంటికెళ్తున్నావు కదా, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు ఆ ప్రయాణానికి వాడొద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

మీ మామయ్య