దమ్ము ట్రాక్టరుకు అయస్కాంతం బోల్టు

సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలారంటే నడిగూడెం, మునగాల, కోదాడ వైపు ట్రాక్టర్లకు రాత్రీ పగలూ దమ్మే. ఇంజన్ ఆయిల్ గంటలు లెక్కపెట్టి మార్చే రైతులు కూడా గేరుబాక్సు నూనె సంగతి మరిచిపోతుంటారు. ఆ నూనె ఎక్కువ లీటర్లు పడుతుంది, ఖర్చు ఎక్కువ. పైగా అడుగున ఉన్న బోల్టు బురద పట్టి, అంచులు అరిగి పానాకు చిక్కదు. దమ్ము చేసే బండికి మాత్రం ఈ వాయిదా పనికిరాదు.

ఎందుకో చూడండి. పని మీద గేరుబాక్సు వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీదే బండి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. గాలి పీల్చుకునే బ్రీతర్ మట్టితో పూడిపోతే యాక్సిల్ సీళ్ల పక్క నుంచి నీళ్లను లోపలికి లాగుతుంది. కాబట్టి ముందు బ్రీతర్ శుభ్రం చేయండి. ఇది పైసా ఖర్చు లేని పని.

నూనె మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. అనుమానముంటే వేడి ఇనుప రేకు మీద రెండు చుక్కలు వేయండి, చిటపటమంటే నీళ్లున్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో కాగిత రామచంద్రాపురం దగ్గర కాలువకు గండి పడింది. అలాంటి వరదలో నిలబడిపోయిన బండయితే స్టార్టు చేయకముందే నూనె చూసుకోవాలి.

ఇక బోల్టు సంగతి. అమెరికా పికప్ బండ్లలో చాలావాటికి గేర్లు వాటంతటవే పడతాయి. వాటి గేరుబాక్సు కింద రేకు తొట్టి ఉంటుంది. కొన్నింటికి బోల్టే ఉండదు, తొట్టి మొత్తం ఊడదీస్తే నూనె మీద పడుతుంది. అందుకే అక్కడివాళ్లు బోల్టున్న తొట్టి కొని బిగించుకుంటారు. మన ట్రాక్టర్లకు ఆ బాధ లేదు, బోల్టు ఎటూ ఉంది. అరిగిన దాని స్థానంలో అయస్కాంతం ఉన్న బోల్టు వేస్తే చాలు. పాత బోల్టు చేత పట్టుకుని షాపుకు వెళ్లండి. లావు, మరలు సరిగ్గా అవే ఉండాలి, పొడవు ఎక్కువైతే లోపల గేరుకు తగులుతుంది. వాషరు కొత్తది వేయండి.

కొందరు బోల్టు తీసేసి కుళాయి పెడదామంటారు. తిప్పితే నూనె కారుతుంది, నిజమే. కానీ గట్టుకో మొద్దుకో తగిలి విరిగితే మడిలోనే నూనెంతా పోతుంది. దమ్ము బండికి అది వద్దు.

బండిని అరగంట నడిపి, చదును నేల మీద ఆపి, నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. కొన్ని మోడళ్లకు రెండు మూడు చోట్ల బోల్టులుంటాయి, అన్నీ విప్పాలి. అయస్కాంతానికి మెత్తటి నల్లటి ముద్ద అంటితే భయం లేదు, అది మామూలు అరుగుదల. పెచ్చులు, పళ్ల ముక్కలు కనిపిస్తే నూనె పోయకుండా మెకానిక్‌ను పిలవండి. హైడ్రాలిక్ జాలీ కూడా అప్పుడే కడగాలి. వారంటీ ఉన్న బండయితే డీలరును అడిగాకే బోల్టు మార్చండి.

చవకని ఏదో ఒక గేరాయిల్ పోయకండి. నూనెలో మునిగి ఉండే బ్రేకులున్న బండ్లకు బ్రేకుకూ, హైడ్రాలిక్‌కూ సరిపోయే నూనే పోయాలి, బండి పుస్తకంలో రాసి ఉంటుంది. పోశాక లిఫ్టు నాలుగైదుసార్లు ఎత్తి దించి, కొలపుల్ల మళ్లీ చూడండి. దించిన నూనె కాలువలో పారబోయకుండా పాత నూనె కొనేవారికి ఇవ్వండి. మొదటి రోజు పని అయ్యాక బోల్టు చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.