వీధిలో నిలిచిన లారీ

పఠన భాగములు: జెకర్యా 8:4-5, నిర్గమకాండము 21:28-36, ఆదికాండము 13:5-12



లారీకిని బైబిలు పాఠమునకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. అయితే గడచిన యేడాది మేము దర్శించిన గ్రామ సంఘములలో, పొలము గట్టు తగాదాల కంటెను ఎక్కువగా మా చెవిని బడినది వీధిలో నిలిపిన పెద్ద బండ్ల తగాదాయే. టిప్పర్లు, పది చక్రముల లారీలు, కోతల కాలములో వరికోత యంత్రములు మన పేటలలోనికి వచ్చినవి. మన పిల్లలే వాటిని నడుపుచున్నారు. కూలికి పోయినవాని కుమారుడు నేడు లారీకి యజమాని యగుట దేవుని కృపయే. ఆ కృప ప్రక్కింటి గడపకు అడ్డముగా నిలిచినప్పుడు ఏమి చేయవలెననునదే ఈ నెల పాఠము.

మొదట వీధి యనగా ఏమో చూతము. క్రీ.పూ. 518 ప్రాంతమున జెకర్యా ప్రవచించుచున్న దినములలో యెరూషలేమునకు ప్రాకారము లేదు, దేవాలయము ఇంకను కట్టబడుచునే యున్నది, జనము బహు కొద్ది. అట్టి పట్టణమునకు దేవుడు వాగ్దానము చేసిన మేలులలో ఒకటి వీధిని గూర్చినది. పండు ముసలివారు కఱ్ఱ చేతబట్టుకొని వీధులలో కూర్చుందురు, మగపిల్లలును ఆడపిల్లలును వీధుల నిండ ఆడుకొందురు. ఇంతే. ఇది చిన్న మేలని తలంచువారు మన పేటలో ఒక వేసవి రాత్రి గడిపి చూడవలెను. మన యిల్లు ఒక గది, ఒక వసారా. మిగిలిన యిల్లంతయు వీధియే. అక్కడనే వడ్లు ఎండబెట్టుదుము, మంచములు వేసికొందుము, గృహ కూడికకు చాపలు పరచుదుము, పెండ్లికి పందిరి వేయుదుము. కాబట్టి వీధిని బండితో నింపినవాడు పొరుగువాని యింటిలో సగము తీసికొన్నట్టే.

కొలతలు కూడ చూడుడి. చట్టము ప్రకారము లారీ వెడల్పు 2.6 మీటర్ల వరకు ఉండవచ్చును. అనగా ఎనిమిదిన్నర అడుగులు. మన పేటలలో సిమెంటు రోడ్డు 14 అడుగులుండుటయే గొప్ప. ఇక మిగులునది 5.5 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 108 వాహనము 2005లో ఆరంభమైనది మొదలు ఎన్నో ప్రాణములు నిలిచినవి. ఆ వాహనము 5.5 అడుగులలో దూరునా? మేమెరిగిన ఒక సంఘములో నొప్పులు పడుచున్న తల్లిని నులక మంచము మీద వీధి మలుపు వరకు మోసికొని పోయిరి. లారీ తాళము పెట్టి డ్రైవరు పొరుగూరు వెళ్లియుండెను. తల్లియు బిడ్డయు క్షేమమే, దేవునికి స్తోత్రము. అయితే ఆ రాత్రి ఆ రెండు కుటుంబముల నోటనుండి వచ్చిన మాటలు ఇంకను వీధిలోనే యున్నవి. బిడ్డకు ఇప్పుడు నడక వచ్చినది. పెద్దలు మాత్రము ప్రభువు బల్లయొద్దకు వేర్వేరు వరుసలలో వచ్చుచున్నారు.

నిర్గమకాండము 21వ అధ్యాయమును చాలమంది త్వరగా చదివి దాటిపోవుదురు. ఎద్దులు, గోతులు మనకేల యనుకొందురు. కాని పొరుగువాని గూర్చిన ధర్మము అక్కడ బహు సూక్ష్మముగా నున్నది. గోయి త్రవ్వి కప్పకుండ విడిచినవాడు, అందులో పడిన పశువు వెల చెల్లింపవలెను. నేను త్రోయలేదు, అదే పడినది అను మాట అక్కడ చెల్లదు. మన వీధులలో గోతికి బదులు మురుగు కాలువపై పరచిన పలక యున్నది, దాని ప్రక్కన కుళాయి గొట్టమున్నది. పది చక్రముల లారీ సరుకుతో కలిపి 25 టన్నులు మించరాదని పూర్వపు హద్దు. 2018లో కేంద్ర ప్రభుత్వము దానిని 28.5 టన్నులకు పెంచినది. పేట వీధి ఆ బరువునకు వేసినది కాదు. పలక విరిగినయెడల బాగుచేయింపవలసినది ఎవరని పంచాయతీ సభ్యుని అడుగనక్కరలేదు, మోషే ధర్మశాస్త్రమును అడిగిన చాలును.

ఎద్దు సంగతి ఇంకను లోతైనది. అది పొడుచునదని యజమాని ముందుగా ఎరుగనిచో శిక్ష ఒక విధము. ఎరిగియు, ఇతరులు హెచ్చరించినను కట్టకపోయినచో శిక్ష మరియొక విధము, అది మరణశిక్ష వరకును పోవును. పసిపిల్లలు లారీ నీడను వెదకుకొని చక్రముల ప్రక్కనే గోళీలాడుదురు. ఎత్తున కూర్చున్న డ్రైవరునకు బండి ముందు ఆనుకొని నిలిచిన మూడేండ్ల బిడ్డ కనబడడు, వెనుకనున్న బిడ్డ అసలే కనబడడు. ఈ సంగతి ఒకసారి చెప్పబడిన తరువాత, మాకు తెలియదు అను జవాబు దేవుని యెదుట నిలువదు. తెల్లవారుజామున బండి కదలించుటకు ముందు క్లీనరు దిగి చుట్టును నడచి చూచుట ప్రతి బండికిని నియమము కావలెను.

ఇక బండివాని పక్షము. ఇది చెప్పనిచో పాఠము కుంటుపడును. నాలుగు దినములు దారిలో గడిపి నడిరాత్రి యిల్లు చేరినవాడు బండిని ఊరిబయట విడిచిన, తెల్లవారువరకు బ్యాటరీ యుండునో ఉండదో, ట్యాంకులో డీజిలు మిగులునో మిగులదో తెలియదు. ఒక బ్యాటరీ పోయిన ఆ ప్రయాణపు లాభము పోయినట్టే. నెల తిరుగునప్పటికి ఫైనాన్సు వాయిదా సిద్ధముగా నుండును. తిరుగటి రాతిని తాకట్టుగా పట్టకూడదని ద్వితీయోపదేశకాండము 24:6లో దేవుడు ఆజ్ఞాపించుటకు కారణము, అది ఆ యింటివారి జీవనాధారమగుటయే. నేటి డ్రైవరునకు బండియే తిరుగటి. అందుచేత రాత్రివేళ టైర్లలో గాలి తీసివేయువారు, అద్దము మీద రాయి వేయువారు తాము పొరుగువాని అన్నములో మన్ను కొట్టుచున్నామని ఎరుగవలెను. తప్పిపోయిన శత్రువు ఎద్దును సహితము తోలుకొనివచ్చి అప్పగింపవలెనని నిర్గమకాండము 23:4లో నున్నది గదా!

హారను విషయములో సామెతలు 27:14 చూడుడి. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించినను అది శాపముగా ఎంచబడునట. దీవెనకే ఆ గతియైనప్పుడు, నాలుగు గంటలకు అరగంట సేపు ఇంజను వేడెక్కించుచు హారను మ్రోగించువాని గూర్చి సొలొమోను ఏమి వ్రాసియుండునో మీరే తలంచుకొనుడి.

అబ్రాము లోతుల తగాదా కూడ స్థలము చాలని తగాదాయే. వారి మందలు ఎక్కువాయెను, దేశము చాలకపోయెను. అనగా పేదరికము తెచ్చిన కలహము కాదది, వృద్ధి తెచ్చిన కలహము. 7వ వచనములో ఒక చిన్న మాటను గమనించుడి: అప్పుడు కనానీయులును పెరిజ్జీయులును ఆ దేశములో కాపురముండిరి. దేవుని ప్రజల కాపరులు కొట్లాడుచుండగా చూచుటకు చుట్టును జనమున్నారన్నమాట. మన వీధిలోను ఉన్నారు. పినతండ్రియైన అబ్రాము వయస్సుచేత ముందుగా కోరుకొనదగినవాడు; అయినను కోరుకొనుమని లోతుకే విడిచెను. మా మనస్సునకు తోచునదేమనగా, పేటలో బలముగలవాడు ఎవడో వాడే ముందు జరుగవలెను. లారీ గలవాడు ఆ వీధిలో బలవంతుడే.

మత్తయి 18:15 ప్రకారము మొదట ఒంటరిగా వెళ్లి మాటలాడవలెను. పగలు నిద్రించుచున్నవానిని లేపి కాదు, స్నానము చేసి అన్నము తిన్న తరువాత. “తమ్ముడూ, నీ బండి క్షేమము మాకును కావలెను, రాత్రి ఎక్కడ పెట్టుదమో కలిసి చూతము” అని ఆరంభించిన, సగము తగాదా అక్కడనే చల్లారును. వినని యెడల ఇద్దరు ముగ్గురు పెద్దలతో వెళ్లుడి. పోలీసు స్టేషను మొదటి మెట్టు కాదు, అయినను అది పాపమును కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 127వ సెక్షను ప్రకారము 10 గంటలు గాని అంతకు మించి గాని బహిరంగ స్థలములో ఎవరును లేక విడిచిన బండిని పోలీసు అధికారి తొలగింపించవచ్చును. రాత్రి పదికి వచ్చి నాలుగింటికి పోవు బండికి ఆ లెక్క కుదరదు. అయితే 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను దారికి అడ్డము కలిగించినవానికి 5000 రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. దానికి గంటల లెక్క లేదు. జరిమానా పడిన మరునాడును ఆ ఇరువురు ఒకే కుళాయి యొద్ద నీరు పట్టుకొనవలెనని మాత్రము మరువకుడి.

పైన చెప్పిన సంఘములో పెద్దలు మూడు సాయంకాలములు కూర్చుండి ఒక ఏర్పాటు చేసిరి. దేవాలయపు ఆవరణ రోడ్డు ప్రక్కననే యున్నది, ప్రహరీగోడయు గేటును గలవు. అక్కడ రాత్రులు రెండు బండ్లు నిలుపవచ్చును. శనివారము రాత్రి మాత్రము ఖాళీ చేయవలెను. ఆయిలు కారు బండి క్రింద రేకు పెట్టవలెను. విరిగిన పలకను లారీ యజమాని వేయించెను, కూలి పనికి ప్రక్కింటివారు ఒక పూట వచ్చిరి. గేటు తాళపుచెవిని ఎవరియొద్ద నుంచవలెనని చర్చ కలిగినప్పుడు, మంచము మీద మోయబడిన ఆ తల్లి తనయొద్ద నుంచుమని అడిగినది. నడిరాత్రి తలుపు తట్టిన లేచి ఇచ్చుచున్నదని వింటిమి.