తగ్గింపు దినములు

పాఠభాగములు: ఆమోసు 8:4-6, నెహెమ్యా 13:15-22



ఆషాఢమాసములో పెండ్లిండ్లు ఉండవు గనుక బట్టల దుకాణములలో బేరము మందగించును. అప్పుడు సరకు కదలుటకై వర్తకులు ధర తగ్గించుట మన ప్రాంతమందు పాత అలవాటే. కోరుకొండ వైపునుండి రాజమండ్రి తాడితోటకు ఆ నెలలోనే వెళ్లి, క్రిస్మసు చీరలు సహితము ముందుగా తెచ్చుకొనువారు కలరు. ఇప్పుడో, ఆషాఢపు బోర్డు దించకముందే శ్రావణపు బోర్డు లేచును. తరువాత దసరా, దీపావళి, క్రిస్మసు, సంక్రాంతి. సెల్‌ఫోనుద్వారా అమ్ము ఫ్లిప్‌కార్ట్ వారు 2014 అక్టోబరు 6న ఒక్క దినము గొప్ప అమ్మకము పెట్టిరి. మరుసటి యేడే అది ఐదు దినములాయెను. నిత్యము తగ్గింపే అయినప్పుడు ఆ దినముకొరకు ఎదురుచూచుట ఎందుకు? మనలో మునుపటి ఆత్రము సన్నగిల్లుటకు ఇదే కారణము.

ఇట్టి దినములకు పేరు పొందినది అమెరికా. కృతజ్ఞతార్పణ పండుగ మరునాటి శుక్రవారమును అచ్చట బ్లాక్ ఫ్రైడే అందురు. 2008లో న్యూయార్కు రాష్ట్రమందు ఒక దుకాణము తలుపు తెరువగానే జనుల త్రొక్కిడిలో అచ్చటి పనివాడొకడు మరణించెను. అటుతరువాత పండుగ రాత్రియే తెరచిన దుకాణములును కలవు. 2020 నుండి వాటిలో పెద్దవి అనేకము ఆ పండుగనాడు మరల మూసియుంచుచున్నవి.

ఆమోసు కాలపు వర్తకులకు విశ్రాంతిదినము వ్యాపారమునకు అడ్డు. అది ఎప్పుడు గడచునా అని విసిగిరి. నేడు పండుగయే వ్యాపారమునకు వాకిలి! కొలపాత్రను చిన్నది చేసి, వెండి తూచు రాయిని పెద్దది చేసిరని ప్రవక్త వారిమీద నేరము మోపెను. ఎప్పుడును 500 రూపాయలకే అమ్ముడుపోవు చీరమీద 1,000 అని చీటీ అంటించి సగము ధర అని పిలిచినయెడల, తగ్గినదేమి? వర్తకులందరు అట్టివారని మనమనుట లేదు. పాత సరకును నిజముగా నష్టమునకు వదలుకొనువారును కలరు.

అయినను అసలు బాధ చీటీలో లేదు. వరికోతల కూలి చేతికందు రోజులలోనే క్రిస్మసు వచ్చును. క్రొత్త బట్టలు లేనిదే బిడ్డలను గుడికి పంపుటకు తల్లికి మనసొప్పదు. అప్పు చేసియైనను కొనును. వాయిదాలు మట్టలాదివారము వచ్చినను తీరవు. ఆ తల్లి భయపడునది ఎవరికి? దుకాణదారునికా? పాత గౌనుతో వచ్చిన పిల్లను వెనుక చాపమీదికి పంపునది మన చూపే గదా. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము చదువుకొనిన సంఘము మనది.

నెహెమ్యా యెరూషలేములో మొదట మందలించినది తూరు వర్తకులను కాదు, తనవారైన యూదా ప్రధానులను. ఆ తరువాతనే చీకటి పడుచుండగా గుమ్మములు మూయించెను. వర్తకులు ఒకటి రెండు మారులు గోడ వెలుపల రాత్రి గడిపిరి. గద్దించిన పిమ్మట మరి ఆ దినమున రాలేదు.

దసరాకు ముందు బజారుకు వెళ్లు సహోదరీలు పిల్లల బట్టల ధరలు ఒక కాగితముమీద వ్రాసి స్త్రీల సమాజములో ఉంచినయెడల, డిసెంబరులో కట్టు బోర్డును దానితో సరిచూచుకొనవచ్చును.