విడిపోవడానికి వకీలు కావాలా?

"వకీలును పెట్టుకునే స్తోమత మాకు లేదు, మరి విడాకులెలా?" అని అడిగే సోదరీమణులు తిరుపతి, చిత్తూరు ఊళ్ళలో ఉన్నారు. జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

షరీఅత్‌లో తలాఖ్‌కు ఖర్చు లేదు. ముందు ఇరువైపుల నుండి చెరొక మధ్యవర్తి కూర్చోవాలి (అన్నిసా: 35). సయోధ్య కుదరకపోతే, భార్య పరిశుద్ధావస్థలో ఉండగా, ఆ శుద్ధికాలంలో ఆమెను కలవక ముందే భర్త ఒకే ఒక్క తలాఖ్ చెప్పి ఆగిపోవాలి. ఇద్దత్ మూడు ఋతుకాలాలు. గర్భవతికైతే ప్రసవం వరకు. అంతవరకు ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది, పోషణ అతనిదే. బాకీపడ్డ మహర్ చెల్లించాలి. ఇద్దత్‌లోపు మనసు మారితే కాపురం నిలుస్తుంది. గడువు దాటాక కలవాలనుకుంటే కొత్త నికాహ్ చాలు. ఇంత వెసులుబాటు ఉండగా, కువైట్ నుండి ఫోనులో మూడు తలాఖులు పంపేవారిని ఏమనాలి? అలాంటి తలాఖ్ చట్టరీత్యా చెల్లదని 2017లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2019 చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు.

భార్యే విడిపోదలిస్తే ఖులా. ఖర్చంతా వచ్చి పడేది ఇక్కడే. హజ్రత్ సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య, ఆయన ధర్మాన్నిగానీ నడవడినిగానీ తప్పుపట్టడం లేదనీ, కానీ ఆయనతో ఉండలేననీ దైవప్రవక్త (సఅసం) ముందు విన్నవించుకున్నారు. మహర్‌గా పొందిన తోటను తిరిగిస్తావా అని ప్రవక్త (సఅసం) అడిగారు. ఆమె సరేనన్నారు. తోట తీసుకుని ఒక తలాఖ్ ఇవ్వమని సాబిత్‌ను ఆదేశించారు. అంతటితో తీరిపోయింది. మరి మనవాళ్ళో? ఇచ్చిన మహర్ వేలల్లో, తీసుకున్న కట్నం లక్షల్లో. పైగా "ఇంత తెస్తేనే సంతకం" అంటారు! తప్పు భర్తదైతే మహర్ తిరిగి పుచ్చుకోవడం కూడా మక్రూహె తహ్రీమీ అని హనఫీ ఫుఖహా అన్నారు. కుప్పలుగా ఇచ్చినా వెనక్కి తీసుకోవద్దని అన్నిసా 20వ ఆయతు హెచ్చరిస్తోంది. ఇది ఖులా కాదు, బేరం. సంతకమూ పెట్టక, ఏలుకోనూ ఏలుకోక ఆమెను మధ్యలో వేలాడదీయడాన్నీ ఖుర్‌ఆన్ నిషేధించింది (అన్నిసా: 129).

అతను ఎంతకీ ఒప్పుకోకపోతే? హనఫీ ఫిఖ్హ్ ప్రకారం భర్త సమ్మతి లేని ఖులా చెల్లదు. అప్పుడు దారి ఫస్ఖ్, అంటే న్యాయమూర్తి నికాహ్‌ను రద్దుచేయడం. దిక్కులేక నలిగిపోయే స్త్రీల కోసం మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ ఫిఖ్హ్ ఆధారంగా 'అల్ హీలతున్నాజిజా' రాశారు. ఆ కృషి దరిమిలా వచ్చిందే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం. రెండేళ్ళు పోషించకపోయినా, నాలుగేళ్ళుగా భర్త ఆచూకీ లేకపోయినా, క్రూరంగా హింసించినా ఆమె కోర్టుకు వెళ్ళవచ్చు. ఖులాకు భర్త అంగీకారం అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు అన్నది నిజమే. కానీ ఆంధ్ర కోర్టులు ఆ తీర్పుకు కట్టుబడనక్కరలేదు. ఫస్ఖ్ అయితే చట్టపరంగా సందేహం మిగలదు. ముఫ్తీ గారి కాగితం మార్గదర్శకమే తప్ప కోర్టు డిక్రీ కాదని కూడా గుర్తుంచుకోండి.

ఇక వకీలు సంగతి. ఫ్యామిలీ కోర్టులో ఎవరి వాదన వారే వినిపించుకోవచ్చు. అది కష్టమనిపిస్తే, 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. కోర్టు ఫీజూ ఆమె మీద పడదు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలోగానీ, తిరుపతి కోర్టుల్లోని మండల న్యాయసేవా కమిటీలోగానీ దరఖాస్తు ఇవ్వాలి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. నికాహ్‌నామా నకలు, ఆధార్ వెంట తీసుకువెళ్ళండి. నికాహ్‌నామా అత్తింట్లోనే ఉండిపోతే, నికాహ్ చదివించిన ఖాజీ గారి రిజిస్టరు నుండి నకలు అడగండి.