అస్తిత్వ మానసిక చికిత్స - ఒక పరిచయము

శరీరానికి జ్వరం వస్తే వైద్యుని వద్దకు పోవాలని అందరికీ తెలుసు. మనస్సుకు దెబ్బ తగిలితే ఎవరి వద్దకు పోవాలో చాలామందికి తెలియదు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టపల్లెలలో దిగులును, అకారణ భయాన్ని, నిద్రలేమిని "గాలి సోకింది", "దిష్టి తగిలింది" అని సరిపెట్టుకోవటం నేటికీ ఉన్నది. ఆత్మకూరుకు సమీపాన అనుమసముద్రంపేటలోని రహమతాబాదు దర్గాకు మతభేదం లేకుండా మనోవ్యథా పీడితులు వచ్చి బస చేయటం మనమెరిగినదే. మనిషికి మనశ్శాంతి ఎంత అవసరమో చెప్పటానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు. ఆధునిక మనోవైద్యంలో ఈ ఆర్తిని సూటిగా ఎదుర్కొన్న ఒక మార్గాన్ని విద్యార్థి మిత్రులకు పరిచయం చేయదలచాము. దానినే అస్తిత్వ మానసిక చికిత్స అంటారు.

పుట్టుక

దీని బీజాలు తత్త్వశాస్త్రంలో ఉన్నవి. ఆందోళన కేవలం రోగం కాదనీ, స్వేచ్ఛ గల ప్రాణికి అది సహజమనీ డెన్మార్కు తాత్త్వికుడు కీర్కెగార్డ్ 1844లోనే ప్రతిపాదించాడు. ఇరవయ్యవ శతాబ్దిలో స్విట్జర్లాండు వైద్యులు బిన్‌స్వాంగర్, మెడార్డ్ బాస్ అస్తిత్వ చింతనను చికిత్సాలయంలోనికి తెచ్చారు. వీరిలో బాస్ 1950వ దశకంలో భారతదేశానికి వచ్చి, ఇక్కడి జ్ఞానులతో సంభాషించి, ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేశాడు. అమెరికాలో రోలో మే 1958లో వెలువడిన ఒక సంకలనం ద్వారా ఈ మార్గానికి ప్రచారం కల్పించాడు.

వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ (1905-1997) కథ మరింత హృదయ విదారకము. నాజీలు 1942లో అతనిని నిర్బంధించారు. 1945లో విడుదలయ్యేనాటికి తల్లిదండ్రులను, సోదరుని, భార్యను కోల్పోయాడు. సర్వస్వం పోయినా, తన దుస్థితి పట్ల ఏ వైఖరి వహించాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ మనిషికి మిగిలే ఉంటుందన్నది అతని సిద్ధాంతము. జీవితంలో అర్థాన్ని వెదకటమే మానవుని ప్రధాన ప్రేరణ అని అతడు బోధించాడు.

నాలుగు మూల ప్రశ్నలు

ఇర్విన్ యాలోమ్ 1980లో ప్రచురించిన గ్రంథంలో మానవుని కలవరాలకు మూలమైన విషయాలను నాలుగుగా విభజించాడు. అవి మరణము, స్వేచ్ఛ, ఏకాకిత్వము, అర్థరాహిత్యము. మరణం తప్పదని తెలిసీ మరచినట్లు నటిస్తాము. స్వేచ్ఛ కావాలంటాము, దాని వెంట వచ్చే బాధ్యతకు జంకుతాము. బంధువుల నడుమనున్నా మన బాధ మనమే అనుభవించాలి. ఇక ఇంత శ్రమ దేనికోసమన్న ప్రశ్న ఎవరినీ వదలదు.

ఇందులో స్వేచ్ఛను గురించి అపోహ కలుగవచ్చు. ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే మన అక్కచెల్లెళ్ళను చూడండి. కర్రలోని ముడిని, పగులును వారు సృష్టించలేదు. ఆ కర్రతో ఏమి చేయాలన్నది మాత్రం వారి చేతిలోనే ఉన్నది. పుట్టిన కులము, ఇంటి పేదరికము, కురవని వాన మనము కోరి తెచ్చుకొన్నవి కావు. వాటి నడుమ వేసే అడుగు మనదే.

చికిత్సా విధానము

పరీక్ష తప్పిన ఒక విద్యార్థిని ఊహించుకొందాము. తండ్రి పరదేశంలో కష్టపడి డబ్బు పంపుతున్నాడు. కుమారునికి నిద్ర పట్టదు, అన్నం సహించదు. "నేను పనికిరానివాడిని" అంటాడు. పెద్దలు "ధైర్యంగా ఉండు నాయనా" అని భుజం తట్టి వెళతారు. అస్తిత్వ చికిత్సకుడు అంత తొందరగా ఓదార్చడు. రోగం పేరు చెప్పి ముగించడు. తన అభిప్రాయాలను పక్కనపెట్టి, ఆ యువకుని లోకాన్ని అతని కన్నులతో చూడబూనుతాడు. "పనికిరావటం అంటే నీ దృష్టిలో ఏమిటి? ఆ కొలబద్ద నీకెవరిచ్చారు? ఈ చదువు నీవు కోరుకొన్నదేనా?" అని నెమ్మదిగా అడుగుతాడు. జరిగిన దానిని మార్చలేమని, జరుగబోయే దానిలో తన పాత్ర ఉన్నదని యువకుడు తానే గ్రహించాలి. చికిత్సకుడు తోడుగా నడుస్తాడే గాని దారి నిర్ణయించడు.

ఫ్రాంకెల్ చెప్పిన ఒక ఉదంతం ప్రసిద్ధము. భార్య మరణించి రెండేళ్ళయినా దుఃఖం తీరని వృద్ధ వైద్యుడొకడు అతని వద్దకు వచ్చాడు. నీవే ముందు పోయి ఉంటే ఆమె గతి ఏమయ్యేదని ఫ్రాంకెల్ అడిగాడు. ఆమె ఎంతో తల్లడిల్లేదని వృద్ధుడు బదులిచ్చాడు. ఆ వేదన ఆమెకు తప్పినదనీ, దాని మూల్యాన్ని నీవు చెల్లిస్తున్నావనీ ఫ్రాంకెల్ వివరించగా, అతడు మౌనంగా కరచాలనం చేసి వెళ్ళాడు. దుఃఖం పోలేదు, దానికి ఒక అర్థం దొరికినది.

నిద్ర పట్టదని భయపడేవారికి, మేలుకొని ఉండటానికే ప్రయత్నించమని ఫ్రాంకెల్ సలహా ఇచ్చేవాడు. నిద్ర రాదేమోనన్న భయమే నిద్రకు శత్రువు గనుక, ఆ భయం సడలగానే కన్ను మూతపడుతుంది.

దవా - దువా

ఈ పద్ధతి సర్వరోగ నివారిణి కాదు. 2015లో ప్రచురితమైన ఒక పరిశీలన 15 ప్రయోగాలను సమీక్షించి, జీవితార్థాన్ని నేరుగా చర్చించే చికిత్సలు మేలు చేస్తున్నవని తేల్చినది. తక్కిన అస్తిత్వ పద్ధతుల ఫలితాలు అంత స్పష్టంగా లేవు. లేని గొంతులు వినిపించటం, తీవ్రమైన కుంగుబాటు వంటి స్థితులలో మందులు, మనోవైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదాన్ని మరువరాదు. గొలుసులతో కట్టివేయబడిన మనోరోగులు 28 మంది తప్పించుకొనలేక ఆహుతి అయినారు. మనోరోగులను గొలుసులతో బంధించటాన్ని 2017నాటి మానసిక ఆరోగ్య చట్టం నిషేధించినది. గుజరాతులోని మీరా దాతార్ దర్గాలో ముజావర్లు, వైద్యులు కలిసి "దవా-దువా" కార్యక్రమం సాగించారు. దువా వలన కలిగే నిబ్బరాన్ని, దవా వలన కలిగే స్వస్థతను విరోధులుగా చూడనవసరం లేదని ఇది నిరూపించినది.

విద్యార్థి మిత్రులారా! పరీక్షా ఫలితాల కాలంలో మీ ప్రక్కనున్న మిత్రుడు మౌనం వహిస్తే కారణమడగండి. ఉపదేశం మాని ఓపికగా వినండి. చావు మాట అతని నోట వచ్చిందంటే తేలికగా తీసుకొనక, ఒంటరిగా వదలక, పెద్దలకు తెలియజేయండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధను చెప్పుకోవటం పిరికితనం కాదని మీరు గ్రహించి, మీ మిత్రులకూ తెలియజెప్పగలరని ఆశిస్తున్నాము.